మా ల్యాబ్ రిజిస్టర్ అడగండి: ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖకు విశాఖ నుంచి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, ఔషధ నియంత్రణ విభాగం వారికి,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఒక చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. పన్నెండేళ్లుగా ఇదే పని. మూత్రం, చీము, కఫం, రక్తం శాంపిల్స్ వస్తాయి, బ్యాక్టీరియా పెరిగే ప్లేటు మీద గీస్తాను, మర్నాడు చూస్తాను, ఏ బ్యాక్టీరియా పెరిగిందో, దానిమీద ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో రాసి రిపోర్టు ఇస్తాను. రిపోర్టు పేషెంటు వాట్సాప్‌కి పోతుంది. వివరాలు మా రిజిస్టర్‌లో ఉంటాయి. రిజిస్టర్ నిండాక బీరువాలో పెడతాం. ఇన్నేళ్లలో ఎవరైనా వచ్చి, "ఏమ్మా, మన ఊళ్ళో ఏ మందు పనిచేయడం మానేసింది, ఒకసారి ఆ లెక్కలు చూపించు" అని అడుగుతారేమో అనుకున్నాను. ఒక్కరు కూడా అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన వర్షాకాలంలో గాజువాక నుంచి ఒక ఆటో అతను వాళ్ల అమ్మ యూరిన్ శాంపిల్ పట్టుకొచ్చాడు. ఆవిడకి మూత్రంలో మంట. మొదట ఇంటి పక్క మందుల షాపులో అడిగితే సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారట, మూడు రోజులు వేసుకుంది, మంట తగ్గిందని మానేసింది. పది రోజులకి మళ్ళీ మొదలు. ఈసారి వీధి చివర క్లినిక్‌లో సెఫిక్సిమ్ ఇచ్చారు, ఐదు రోజులు. అదీ అయింది. తర్వాత ఒళ్ళు వణికే చలిజ్వరం. అప్పుడు ఒక డాక్టరుగారు కల్చర్ రాశారు, అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష. ఏడు వందల రూపాయలు అని చెప్తే అతను జేబులు తడుముకుని, అవతల ఎవరికో ఫోన్ చేసి, మూడు వందలు ఫోన్‌పేలో తెప్పించుకుని కట్టాడు.

ఆ ప్లేటు నాకు ఇంకా గుర్తుంది. మెకాంకీ అనే జెల్లీ మీద గులాబీ రంగు కాలనీలు, ఒక్కోటి గసగసాల గింజకన్నా కాస్త పెద్దవి, ఈ.కోలై అనే బ్యాక్టీరియా. దాన్ని తీసి ఇంకో ప్లేటు నిండా పరిచి, పైన మందుల డిస్కులు పెట్టి, రాత్రంతా 35 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో ఉంచాను. మందు పనిచేస్తే డిస్కు చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ వస్తుంది, ఆ ఖాళీని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తాం. పొద్దున్న తీసి చూస్తే సిప్రోఫ్లాక్సాసిన్ చుట్టూ ఖాళీ లేదు. సెఫిక్సిమ్ జాతికే చెందిన సెఫోటాక్సిమ్ చుట్టూ లేదు. యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, వీటి చుట్టూ కూడా లేదు, నాచు పట్టినట్టు డిస్కు అంచుదాకా పెరిగిపోయింది. నైట్రోఫురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, మెరోపెనెమ్, ఈ నాలుగింటి చుట్టూ మాత్రం శుభ్రంగా ఖాళీ ఉంది. రిపోర్టు చేతికిస్తే అతను అడిగిన మాట: "ఏటి మేడమ్, ఇన్ని ఆర్‌లున్నాయేటి? ఆర్ అంటే మంచిదేనా?"

ఆర్ అంటే రెసిస్టెంట్ అని, ఆ మందు మీ అమ్మగారికి పనిచేయదని చెప్పాను. అతని మొహం చూశాక నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఎందుకంటే, ఆ నాలుగింటిలో నైట్రోఫురాంటోయిన్ అనేది పాత మందు, చవక మందు, మాత్రగా మింగేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ని మూడు గుంపులుగా విడదీసింది: యాక్సెస్, వాచ్, రిజర్వ్. ముందుగా వాడుకోదగ్గవి యాక్సెస్, బ్యాక్టీరియా మొండికెత్తే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆచితూచి వాడాల్సినవి వాచ్, మిగతావన్నీ విఫలమైతే తప్ప ముట్టుకోకూడనివి రిజర్వ్. నైట్రోఫురాంటోయిన్ యాక్సెస్‌లో ఉంది. ఆవిడకి ముందు ఇచ్చిన రెండూ, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, వాచ్‌లో ఉన్నాయి. (ఇది చదివి ఎవరూ షాపుకెళ్ళి నైట్రోఫురాంటోయిన్ అడగకండి. కిడ్నీ ఎలా ఉందో చూసి ఇవ్వాల్సిన మందు అది, డాక్టరుగారే చెప్పాలి.) మా బీరువాలో ఉన్న రిజిస్టర్లు, ఇలాంటి ఇంకో ఇరవై ముప్పై ల్యాబుల రిజిస్టర్లు కలిపి ఎవరైనా లెక్క కట్టి, "విశాఖలో మూత్రం ఇన్ఫెక్షన్లకి ఈ మందు నూటికి ఇంతమందిలో పనిచేస్తోంది, ఇది పనిచేయడం లేదు" అని ఒక కాగితం ప్రతి క్లినిక్ గోడకీ అంటించి ఉంటే, ఆవిడకి మొదటి మాత్రే సరైనది పడి ఉండేదేమో. ఆ కాగితానికి యాంటీబయోగ్రామ్ అని పేరు. నేను మిమ్మల్ని అడుగుతున్నది ఆ కాగితమే.

ప్రపంచం లెక్కలు నాకు దొరుకుతున్నాయి, మా ఊరి లెక్కే దొరకడం లేదు. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మందిని చంపిందని, 49.5 లక్షల మరణాలతో దానికి సంబంధం ఉందని లాన్సెట్‌లో 2022లో వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లాస్ అనే నిఘా వ్యవస్థ మొదలుపెట్టింది. 2016లో దానికి లెక్కలు పంపిన దేశాలు 25, 2023 నాటికి 104. ఆ లెక్కలతో 2025 అక్టోబరులో వాళ్లిచ్చిన రిపోర్టు ప్రకారం, ల్యాబుల్లో నిర్ధారణ అయిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచం మొత్తం మీద ఆరింట ఒకటి మందుకు లొంగలేదు. ఆ సంస్థ విభజనలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింట ఒకటి. మూడింట ఒకటి అంటే మా ల్యాబ్‌లో ఒక మామూలు మంగళవారం నాకు కనపడే దృశ్యమే, నాకేం ఆశ్చర్యం వేయలేదు.

కానీ ఆ అంకెను నేను పూర్తిగా నమ్మలేను కూడా. కారణం చెప్తాను, ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. మన దేశంలో నిఘా చేసే నెట్‌వర్కులు రెండున్నాయి, 2013 నుంచి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి)ది ఒకటి, ఎన్‌సీడీసీ (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) నడిపే నార్స్-నెట్ ఒకటి. రెండింటికీ లెక్కలు వచ్చేది ఎక్కువగా పెద్ద ఆసుపత్రుల నుంచి, మెడికల్ కాలేజీల నుంచి. అక్కడికి చేరేసరికి పేషెంటు అప్పటికే మూడు చోట్ల తిరిగి, మూడు రకాల మందులు మింగి, ఐసీయూ దాకా వచ్చి ఉంటాడు. అతని ఒంట్లో మిగిలేది మొండి బ్యాక్టీరియానే. నిఘా తక్కువగా ఉన్న దేశాల అంకెలు అసలు కంటే ఎక్కువ కనిపించే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. నా రిజిస్టర్ కూడా అంతే సుమా, అదేదో పవిత్ర గ్రంథం అని నేను అనడం లేదు. కల్చర్ ఎప్పుడు రాస్తారు? రెండు కోర్సులు అయ్యాక, తగ్గకపోతే. మొదటి రోజు మంటతో వచ్చిన ఆడమనిషికి ఏడు వందలు పెట్టి కల్చర్ ఎవరు చేయించుకుంటారు? యాభై రూపాయల మాత్రలతో పోయేదానికి ఎందుకు అనుకుంటారు, వాళ్ల తప్పు కాదు. కొందరైతే అప్పటికే రెండు మాత్రలు వేసుకుని శాంపిల్ ఇస్తారు, ప్లేటు మీద ఏమీ పెరగదు, "నో గ్రోత్" అని రాస్తాను, వాళ్లు జబ్బు లేదనుకుని ఇంటికి పోతారు. ఇవన్నీ కలిసి మన దగ్గర ఉన్న లెక్క వంకర లెక్క అవుతోంది. పెద్దాసుపత్రి అంకె చూసి గాజువాక క్లినిక్‌లో భయంకొద్దీ ఇంకా పెద్ద మందు రాస్తారు. అంకె లేకపోవడం ఎంత ప్రమాదమో, వంకర అంకె కూడా అంతే.

అందుకని నా మొదటి విన్నపం: ఏడాదికి కొన్ని వారాలు, ఊళ్ళో కొన్ని పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, మూత్రం మంటతో మొదటిసారి వచ్చిన ప్రతివాళ్లకీ, మందు వేసుకోకముందే, ఉచితంగా కల్చర్ చేయించండి. దీనికి కోట్లు అక్కర్లేదు. ప్లేట్లు, డిస్కులు, శాంపిల్ త్వరగా ల్యాబ్‌కి చేర్చే ఒక మనిషి, ఒక బండి చాలు. ఊళ్ళో నిజంగా పరిస్థితి ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

రెండోది ప్రైవేటు ల్యాబుల సంగతి. మా దగ్గరున్నది వాడుకోండి. ఒక్క ల్యాబ్ సొంతంగా యాంటీబయోగ్రామ్ వేయడం కష్టం, ఎందుకంటే నియమం ప్రకారం ఒక పేషెంటుని ఏడాదికి ఒక్కసారే లెక్కపెట్టాలి, ఒక బ్యాక్టీరియాకి కనీసం 30 నమూనాలుంటే తప్ప ఆ శాతానికి విలువ లేదు. ఈ.కోలై అయితే మాకు దొరుకుతాయి, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ లాంటివి మా చిన్న ల్యాబుల్లో అన్ని రావు. పది ల్యాబులవి కలిపితే వస్తాయి. కలిపేది ఎవరు? మేం ఒకరికొకరం పోటీ, మాలో మేం కలుపుకోం, అది మీరే చేయాలి. హూనెట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ల్యాబుల కోసం ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది, ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. అందులో నింపి పేషెంటు పేరు, ల్యాబ్ పేరు, ఆసుపత్రి పేరు తీసేసి మీకు పంపే ఏర్పాటు చేయండి. పేరు బయటికొస్తే పరువు పోతుందని ఆసుపత్రులు భయపడతాయి, ఆ భయం నాకు అర్థమవుతుంది, అందుకే పేర్లు వద్దు, ఊరి లెక్క చాలు.

మా లెక్కల నాణ్యత ఎలా ఉంటుందని మీరు అడగాలి. అడగండి, మంచిదే. డిస్కులు ఫ్రిజ్‌లో సరిగ్గా పెట్టకపోతే, గడువు దాటితే, ప్లేటులో అగర్ జెల్లీ మందం తేడా వస్తే డిస్కు చుట్టూ ఖాళీ కొలత మారిపోతుంది, పనిచేసే మందుని పనిచేయదని రాసే ప్రమాదం ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఏటీసీసీ 25922 అనే ఈ.కోలై రకం ఉంటుంది, ఏ మందుకి ఎన్ని మిల్లీమీటర్లు రావాలో దానికి ముందే తెలుసు, క్రమం తప్పకుండా దాన్ని కూడా పెట్టి సరిచూసుకోవాలి. చిన్న ల్యాబుల్లో ఎంతమంది పెడుతున్నారు? మా దగ్గర నేను పట్టుబట్టి పెట్టిస్తున్నాను, అందరికీ కుదరదు. జిల్లాకి ఒక మెడికల్ కాలేజీ ల్యాబ్‌ని బాధ్యురాలిగా పెట్టి, మాకు ఆ కంట్రోల్ స్ట్రెయిన్ ఇచ్చి, మూడు నెలలకోసారి ముఖం తెలియని ఒక శాంపిల్ పంపి మేం సరిగ్గా చదువుతున్నామో లేదో పరీక్షించండి. ఫెయిలైతే నేర్పించండి. 1923 నుంచి ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్న ఊరు మాది, నేర్పగలిగే వాళ్లకి కొదవ లేదు.

ఇక మందుల షాపుల రిజిస్టర్. దీని గురించి ఔషధ నియంత్రణ విభాగం వారితో మాట్లాడాలి.

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లో ఉంది. ఆ జాబితాలోని మందు అమ్మితే డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారో విడిగా ఒక రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. సెఫిక్సిమ్ ఆ జాబితాలో ఉంది. రెండేళ్ల క్రితం మా అబ్బాయికి జ్వరం, గొంతునొప్పి వస్తే, రాత్రి తొమ్మిదింటికి, ఏ డాక్టరుగారూ దొరక్క, నేనే షాపుకెళ్ళి చీటీ లేకుండా సెఫిక్సిమ్ సిరప్ అడిగాను. ఇచ్చారు. నా పేరు అడగలేదు, పిల్లాడి బరువు అడగలేదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఈ పని చేసే నేనే అలా చేశాను, మర్నాడు ల్యాబ్‌లో డిస్కుల డబ్బా మూత తీస్తూ నిలబడిపోయాను, ఆ సిరప్ అవసరమే లేదు, రెండు రోజులకి దానంతటదే తగ్గే వైరల్ జ్వరం అది. షాపు అబ్బాయిది ఒక్కడిదే తప్పని ఎలా అంటాను? అతనికి పది నిమిషాల్లో ఇరవై మంది. అజిత్రోమైసిన్ సంగతి ఇంకా ఆలోచించాల్సింది. వాచ్ గుంపులో ఉన్న మందు, కరోనా తర్వాత దగ్గు మాత్రలా అయిపోయింది, అది హెచ్1లో లేనే లేదు, మామూలు షెడ్యూల్ హెచ్‌లో ఉంది. చీటీ లేకుండా దాన్నీ అమ్మకూడదు, కానీ హెచ్1 మందుల్లా విడి రిజిస్టర్‌లో రాయాల్సిన పని లేదు, అంటే ఎంత అమ్ముడవుతోందో లెక్క తేలిగ్గా దొరకదు.

ఇప్పుడు చూడండి, ఊళ్ళో రెండు రిజిస్టర్లు. ఏ మందు ఎంత అమ్ముతున్నారో షాపు రిజిస్టర్‌లో ఉండాలి. ఏ మందు పనిచేయడం మానేసిందో నా రిజిస్టర్‌లో ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు కథ తెలుస్తుంది. డెన్మార్క్ వాళ్లు 1995 నుంచి ఇదే చేస్తున్నారు. డాన్‌మ్యాప్ అని, మనుషులకీ పశువులకీ ఎంత మందు వాడారు, ఎంత మొండితనం వచ్చింది, రెండూ ఒకే పుస్తకంలో, ఏటేటా, ఎవరైనా చదువుకునేలా. కోళ్లకి, పందులకి బరువు పెరగడానికి అవోపార్సిన్ అనే మందు మేతలో కలిపేవారు, దానివల్ల, మనుషులకి వాడే వాన్‌కోమైసిన్‌కి లొంగని ఎంటరోకాకస్ కోళ్లలో పెరుగుతోందని తెలిసి అదే ఏడాది దాన్ని నిషేధించారు, తర్వాత కోళ్లలో ఆ బ్యాక్టీరియా బాగా తగ్గిపోయింది. లెక్క ఉంది కాబట్టి నిషేధం పెట్టగలిగారు, లెక్క ఉంది కాబట్టి అది పనిచేసిందని చూపించగలిగారు. మన దేశం కూడా 2019లో పశువులకి, కోళ్లకి, చేపల చెరువులకి కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకూడదని నిషేధించింది. మంచి పని. ఆ తర్వాత మన కోళ్లఫారాల్లో ఏం మారింది? ఆ అంకె నాకు ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

డెన్మార్క్ చిన్న దేశం, డబ్బున్న దేశం అంటారు. సరే, కేరళ చూడండి. 2018లో రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక పెట్టుకున్నారు, దేశంలో మొదటిసారి రాష్ట్రం మొత్తానికి యాంటీబయోగ్రామ్ వేసి బయటపెట్టారు. 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ అని చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే షాపుల మీద తనిఖీలు మొదలుపెట్టారు, జనం కూడా ఫిర్యాదు చేయొచ్చు. యాంటీబయాటిక్ ఇస్తే నీలం రంగు కవర్లో ఇవ్వాలన్నారు. ఈ నీలం కవర్ ఆలోచన నాకు చాలా నచ్చింది, ఎందుకంటే మా ఊళ్ళో సగం మందికి తాము మింగుతున్నది యాంటీబయాటిక్ అనే తెలియదు. "గ్యాస్ మాత్ర, జ్వరం మాత్ర, ఇంకో పెద్ద మాత్ర" అంటారు. ఆ పెద్ద మాత్రకి ఒక రంగు ఇవ్వండి.

మన రాష్ట్రానికీ ప్రణాళిక ఉంది. దేశానికి 2017లో మొదటి జాతీయ ప్రణాళిక వచ్చింది, 2025 నవంబర్‌లో రెండోది, 2029 వరకూ. ఐక్యరాజ్యసమితిలో 2024 సెప్టెంబర్‌లో దేశాలన్నీ కూర్చుని 2030 నాటికి ఈ మరణాలు 10 శాతం తగ్గించాలని, మనుషులకి వాడే యాంటీబయాటిక్స్‌లో 70 శాతం యాక్సెస్ గుంపువే ఉండాలని తీర్మానించాయి. విశాఖలో ఇప్పుడు ఎంత శాతం? చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే 70కి చేరామని ఎలా తెలుస్తుంది?

బయటి డబ్బు వస్తుందిలే అనుకునే రోజులు కూడా పోతున్నాయి. పేద, మధ్యతరగతి దేశాల్లో ల్యాబులకి సాయం చేస్తూ వచ్చిన ఫ్లెమింగ్ ఫండ్‌కి నిధులు ఆపేస్తున్నామని బ్రిటన్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మన ప్లేట్లు మనమే కొనుక్కోవాలి. బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు పెట్టండి, చిన్నదైనా సరే, ఏటా వచ్చేలా.

ఈ ఊరి నుంచి రాస్తూ రెండు సంగతులు వదిలేస్తే తప్పవుతుంది. ఒకటి రొయ్య. దేశంలో రొయ్యల పెంపకంలో మనదే మొదటి స్థానం, మా పోర్టు నుంచే కంటైనర్లు విదేశాలకి పోతాయి. యూరప్‌కి పోయే సరుకులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫురాన్ లాంటి యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికితే వెనక్కి పంపేస్తారు, అందుకే ఎగుమతి సరుకుకి పరీక్షలున్నాయి. పూర్ణా మార్కెట్లో మేం కొనుక్కునే రొయ్యకి ఏడాదికి ఎన్ని పరీక్షలు జరుగుతున్నాయో, ఏం తేలుతోందో మాకూ చెప్పండి. రెండోది నీళ్లు. 2007లో హైదరాబాద్ పక్క పటాన్‌చెరు దగ్గర, మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు, మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. మురుగులో యాంటీబయాటిక్స్ ఎంత మించకూడదో హద్దులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది, 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. మా పక్కనే పరవాడలో ఫార్మా సిటీ ఉంది. నేను ఎవరి మీదా నింద వేయడం లేదు, కొలవమని అడుగుతున్నాను. కొలిస్తే అక్కడ పనిచేసేవాళ్లకీ, చుట్టుపక్కల ఊళ్లకీ, బాగా నడుపుతున్న కంపెనీలకీ కూడా మంచిదే.

అంకెలు బయటపెడితే జనం భయపడతారని మీలో కొందరు అనవచ్చు. జనానికి తుఫాను హెచ్చరిక ఇవ్వడం మానేశామా? పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక పెడితే ఏం చేయాలో ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. హుద్‌హుద్ చూసిన ఊరు ఇది, అంకె చెప్తే తట్టుకోగలదు.

ఆ ఆటో అతని అమ్మగారు కోలుకున్నారు. డాక్టరుగారు రిపోర్టు చూసి ఆసుపత్రిలో చేర్చుకున్నారు, ఐదు రోజులు ఇంజెక్షన్లు. అతను తర్వాత ఒకసారి మా ల్యాబ్ ముందు ఆటో ఆపి చెప్పి వెళ్ళాడు, ఆ ఐదు రోజులూ బండి తిప్పలేదని, వడ్డీకి తెచ్చిన పద్దెనిమిది వేలు ఇంకా తీరలేదని.

మా రిజిస్టర్లు సిద్ధంగా ఉన్నాయి. మొదటి మూడేళ్లవి చేత్తో రాసినవి, అక్షరాలు కాస్త చెదిరాయి, నేను దగ్గర కూర్చుని చదివి పెడతాను. మిగతావి కంప్యూటర్‌లో కూడా ఉన్నాయి. మా యజమానితో మాట్లాడాను, పేషెంట్ల పేర్లు తీసేసి ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు. ఏ ఫార్మాట్‌లో కావాలో మీరు ఒక్క సర్క్యులర్ పంపితే చాలు.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ టెక్నీషియన్,
విశాఖపట్నం